ఆకలికి మందు ఇంకో బస్తా బియ్యమా?

మన సభావేదికల మీద, పత్రికల్లో, టీవీ చర్చల్లో ఒక సిద్ధాంతం విచారణే అక్కర్లేని సత్యంలా చలామణీ అవుతోంది. జనాభా పెరిగింది, తిండి చాలడం లేదు, అందుకే ఆకలి. పంట పెంచండి, ఆకలి దానంతటదే పోతుంది. దీనికి తోడు మరో మాట: ఊబకాయమా, అది కలిగినవాళ్ల జబ్బు, నోరు కట్టుకోలేని వాళ్ల తప్పు, దాన్ని తెచ్చి ఆకలి పక్కన కూర్చోబెడతారేమిటి? ఇక సుస్థిర అభివృద్ధి అన్న మాట ఎత్తితే చాలు, ముందు కడుపులు నిండనివ్వండి, నేలా నీరూ సంగతి తర్వాత చూద్దాం అని నోరు మూయిస్తారు. చదువుకున్నవాళ్ల నోటే ఈ మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. పాఠకులే తీర్పరులై ఈ వాదాన్ని సాక్ష్యాల ముందు నిలబెట్టండి. ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం.

తిండి చాలదన్న భయం పాతది. 1798లో మాల్థస్ దాన్ని గ్రంథానికెక్కించాడు. 1967లో అమెరికాలో పాడక్ సోదరులు 1975 నాటికి కరువులు ముంచెత్తుతాయనీ, భారతదేశాన్ని కాపాడటం ఎవరి వల్లా కాదనీ పుస్తకమే అచ్చేశారు. జరిగిందేమిటి? అప్పటి నుంచి ప్రపంచ జనాభా రెండింతలు దాటింది, తలసరి ఆహారం కూడా పెరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల్లో ఇవాళ మనిషికి రోజుకు 2,900 కిలో కేలరీలకు పైగా తిండి అందుబాటులో ఉంది. అంటే ఎవరికీ అర్ధాకలి ఉండకూడదు. కానీ 2024లో 67 కోట్లకు పైగా జనం ఆకలితో ఉన్నారని ఆ సంస్థే చెబుతోంది. 260 కోట్ల మందికి ఆరోగ్యకరమైన భోజనం కొనే శక్తి లేదు. మరోవైపు, 2022 నాటికే వంద కోట్ల మందికి పైగా ఊబకాయంతో ఉన్నారు. అదే ఏడు ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టుకుని కూడా తిండి కొరత వల్లే ఆకలి అనగలవాడు లెక్కలు చూడనివాడైనా కావాలి, చూడదలచుకోనివాడైనా కావాలి.

చరిత్ర ఏం చెబుతోంది? 1943 బెంగాల్ కరువులో సుమారు ముప్పై లక్షల మంది చనిపోయారు. ఆ ఏడు పంట అంతకుముందు సంవత్సరాల సగటు కంటే తగ్గింది కొద్దిగానే, 1941 నాటి పంట కంటే ఎక్కువే ఉందని అమర్త్యసేన్ 1981లో లెక్కలు తీసి చూపించాడు. యుద్ధ కాలపు ధరలు కూలివాడి చేతిలోని డబ్బును మింగేశాయి. బియ్యం ఉంది, కొనే స్తోమత పోయింది. నలభై ఏళ్లకు పైగా ఈ వాదం విశ్వవిద్యాలయాల్లో పాఠంగా నడుస్తోంది, మన వేదికల దాకా మాత్రం రాలేదు. పోనీ అది పాత కథ అంటారా? 2024 ఆగస్టులో సూడాన్‌లోని జంజం శిబిరంలో కరువు ఉన్నట్టు నిపుణులు నిర్ధారించారు. 2025 ఆగస్టులో గాజాలో నిర్ధారించారు. అక్కడ కొరవడింది మేలురకం విత్తనమా, ఎరువా? తుపాకులు దారి కాస్తే తిండి ఆగిపోయింది. ఎకరాకు ఎన్ని బస్తాలు పండిస్తే ఆ పిల్లల నోటికి అన్నం అందేది?

ఇంకా అనుమానం ఉన్నవారు బ్రెజిల్ వైపు చూడాలి. సోయా ఎగుమతిలో, గొడ్డుమాంసం ఎగుమతిలో ప్రపంచంలో మొదటి వరుస దేశం అది. 2003లో అక్కడి ప్రభుత్వం ఆకలి నిర్మూలనను ప్రథమ కర్తవ్యంగా పెట్టుకుంది. పేద కుటుంబాలకు నెలనెలా డబ్బిచ్చింది, కనీస వేతనాలు పెంచింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతం చిన్న రైతుల దగ్గరే సరుకు కొనడానికి ఖర్చు చేయాలని 2009లో చట్టం తెచ్చింది. ఒక్క చట్టంతో రెండు పనులయ్యాయి: పిల్లవాడి కంచంలోకి చిక్కుళ్లు, కూరగాయలు వచ్చాయి, చిన్న రైతుకు ఖాయమైన బేరం దొరికింది. 2014లో ఆ దేశం ప్రపంచ ఆకలి పటం నుంచి బయటపడింది. తర్వాత ప్రభుత్వం మారింది. 2019లో కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టీ చేపట్టగానే ఆహార భద్రతా మండలిని రద్దు చేశాడు, పథకాలు చిక్కిపోయాయి, కోవిడ్ వచ్చిపడింది. 2022 నాటికి 3.3 కోట్ల మంది ఆకలిపాలయ్యారు. ఆ ఏళ్లలో బ్రెజిల్ పొలాలు ఎండిపోయాయా? లేదు. ఓడల కొద్దీ సోయా రేవులు దాటుతూనే ఉంది. 2023లో మండలిని తిరిగి నిలబెట్టి, పథకాలకు మళ్లీ ప్రాణం పోశారు. 2025 జూలైలో ఆ దేశం రెండోసారి ఆకలి పటం నుంచి బయటికొచ్చింది. అవే పొలాలు, అదే సోయా. మారింది ప్రభుత్వాల విధానం. పంటకూ ఆకలికీ నేరుగా లంకె ఉందనేవాళ్లు ఈ పదేళ్ల చరిత్రకు ఏం సమాధానం చెబుతారు?

దూరదేశాలు ఎందుకు, మన గడపకే వద్దాం. భారతదేశం ప్రపంచంలో అతిపెద్ద బియ్యం ఎగుమతిదారు. ఏటా రెండు కోట్ల టన్నుల దాకా ఓడలెక్కుతోంది. గోదాముల్లో చోటు చాలక, 2024-25లో భారత ఆహార సంస్థ నిల్వల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్ తయారీకి కేటాయించారు. తిండి చాలని దేశం బియ్యాన్ని ఇంధనంగా మారుస్తుందా? ఆ దేశంలోనే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత.

తెలంగాణ సంగతి మరీ ఆలోచించదగ్గది. రాష్ట్రం వచ్చిన తర్వాత వరి విస్తీర్ణం, ధాన్యం సేకరణ కొన్ని రెట్లు పెరిగాయి. దేశానికే ధాన్యాగారమని చెప్పుకున్నాం, చెప్పుకోదగ్గదే. కానీ 2015-16 సర్వేలో 28 శాతం ఉన్న పొట్టి పిల్లల వాటా తర్వాతి సర్వే నాటికి 33 శాతానికి పెరిగింది. బక్కచిక్కిన పిల్లలు 18 శాతం నుంచి దాదాపు 22 శాతానికి పెరిగారు. వరి పండించినందువల్లే పిల్లలు చిక్కారని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. నేను అడిగేది ఒక్కటే: పంట పెరిగితే ఆకలి దానంతటదే పోతుందన్నారు కదా, ఎందుకు పోలేదు? ఆంధ్రప్రదేశ్ చూడండి. కోడిగుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానం. వరి, చేపలు, రొయ్యలు, అరటి, అన్నీ పండే రాష్ట్రం. అక్కడ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తం చాలదు. 36 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఈ రెండు అంకెలూ కలిపితే 95; వీళ్లు వేరు వాళ్లు వేరైతే నూటికి అయిదుగురే మిగలాలి. రక్తం లేనివాళ్లు వేరు, లావైనవాళ్లు వేరు అని గీత గీయగలరా? ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి. కేలరీలు దండిగా, ఇనుమూ మాంసకృత్తులూ అరకొరగా ఉన్న కంచం ఆ రెంటినీ ఒకేసారి తయారుచేస్తుంది.

ఈ పాఠం తెలుగువాళ్లకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. వందేళ్ల కిందటే మనం ప్రాణాలిచ్చి నేర్చుకోవలసివచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా అన్నపూర్ణ అయింది. తర్వాత కృష్ణా డెల్టా. మద్రాసు రాష్ట్రంలో వరికి పేరుపడ్డ సీమలివి. మరి ఇరవయ్యో శతాబ్దం తొలి అర్ధభాగంలో ఆ రాష్ట్రంలో బెరిబెరి వ్యాధికి నెలవైన ప్రాంతం ఏది? కరువు సీమ కాదు. ఉత్తర సర్కారు జిల్లాలు. విశాఖపట్నం నుంచి గోదావరి, కృష్ణా జిల్లాల మీదుగా గుంటూరు దాకా, వరి పండే చోటే ఆ జబ్బు తిష్ఠ వేసింది. కాళ్లు తిమ్మిరెక్కి, చచ్చుబడి, గుండె ఉబ్బి మనుషులు పోయారు. పాలు తాగే పసికందులు మూడు నాలుగు నెలల వయసులో ఉన్నట్టుండి కన్నుమూశారు, ఎందుకంటే తల్లిపాలలోనే విటమిన్ లేదు.

కారణం తెలుసుకోవడానికి కూనూరులో 1918లో మెకారిసన్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో ఒక చిన్న పరిశోధన విభాగమే పెట్టారు. తేలిందేమిటి? రైసు మిల్లులు వచ్చాయి. దంపుడు పోయి మరపట్టుడు వచ్చింది. తెల్లగా మెరిసే అన్నం మర్యాదకు గుర్తయింది. తవుడుతో పాటు థయామిన్, అంటే బి1 విటమిన్, గొడ్ల తొట్టిలోకి పోయింది. తమిళ జిల్లాల వాళ్లూ వరి అన్నమే తిన్నారు, వాళ్లనెందుకు ఆ జబ్బు అంతగా పట్టలేదు? వాళ్లది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడే పైపొరలోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, తర్వాత మరపట్టినా కొంత మిగులుతుంది. మన పచ్చి బియ్యంలో ఆ రక్షణ లేదు. గాదెలు నిండుగా ఉండగా, అన్నం మూడు పూటలా ఉండగా, మనుషులు తిండి లోపంతో చచ్చిపోయారు. ఆ కూనూరు విభాగమే పెరిగి పెద్దదై హైదరాబాద్‌కు తరలివచ్చి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నిలబడి ఉంది. అంతటి సంస్థను మన నడిబొడ్డున పెట్టుకుని, అది ఏ ప్రశ్న నుంచి పుట్టిందో మరిచిపోయి, ఇంకా బస్తాలు లెక్కపెడుతున్నాం.

మరిచిపోయామనడానికి రుజువు కావాలా? 2025 ఉగాది నాడు తెలంగాణలో రేషన్ కార్డులకు సన్నబియ్యం పథకం మొదలైంది. దొడ్డు బియ్యం తినలేక జనం తిరిగి అమ్ముకునేవారన్న మాట నిజమే. తినగలిగేది ఇస్తే ఇంట్లో మిగులుతుందన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ పథకం చుట్టూ సాగిన చర్చ అంతా ఏమిటి? సన్నమా, దొడ్డా? కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత? సంచి మీద ఎవరి బొమ్మ? ఆ సంచి పక్కన కిలో పప్పు ఎందుకు లేదని నిలదీసిన గొంతు ఎంతమందికి వినిపించింది? 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు అది విప్లవమే. ఖాళీ కడుపుకు అది అత్యవసరం, ఆ పని చేసి తీరవలసిందే. నలభై ఏళ్లు దాటాక కూడా పేదవాడి ఆహార హక్కు అంటే బియ్యమే అనుకోవడం ఏ విప్లవం? పైగా, బియ్యాన్ని తెల్లగా పాలిష్ చేసి పోషకాలు పోగొట్టి, ఫ్యాక్టరీలో పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజలుగా పోత పోసి, మళ్లీ అదే బియ్యంలో కలిపి పంచుతూ వచ్చారు. దానికి పెట్టిన శ్రద్ధలో పదో వంతు పప్పు మీద, ఆకుకూర మీద, గుడ్డు మీద పెట్టరాదా?

ఇప్పుడు రెండో మాట: ఊబకాయం కలిగినవాళ్ల జబ్బు. ఇది ఒకనాడు కొంత నిజం. ఇవాళ పచ్చి అబద్ధం. అమెరికాలో పెద్దవాళ్లలో నూటికి నలభై మంది ఊబకాయులు. అదే దేశంలో 2023లో 13 శాతానికి పైగా ఇళ్లకు సరైన తిండికి భరోసా లేదు. బడి వయసు పిల్లల్లో ఊబకాయుల శాతం బరువు తక్కువ పిల్లల శాతాన్ని ప్రపంచవ్యాప్తంగా మొదటిసారి దాటిందని యునిసెఫ్ 2025లో ప్రకటించింది. వీళ్లందరూ కలవారి బిడ్డలేనా?

మరీ ముఖ్యమైనది, తల్లి కడుపులో మొదలయ్యే కథ. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం సరఫరాలు ఆపేయడంతో నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతం ఆకలితో అల్లాడింది. గర్భం తొలి నెలల్లో ఆ ఆకలిని చవిచూసిన పిండాలు పుట్టి, పెరిగి, పందొమ్మిదేళ్లకు సైనిక పరీక్షలకు వచ్చినప్పుడు వాళ్లలో ఊబకాయం మిగతావారికంటే ఎక్కువగా కనిపించింది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ మన పసిబిడ్డలను కొలిచి చూశారు. బరువు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం తక్కువ కాదు. తల్లి గర్భంలో లేమిని చూసిన శరీరం పెద్దయ్యాక తెల్ల అన్నానికీ పంచదారకూ పామాయిల్‌కూ చిక్కితే షుగర్ వ్యాధికి దారి సిద్ధంగా ఉంటుంది. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. వీళ్లందరినీ తిండిపోతులంటారా?

హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జరిగిన అధ్యయనం మన నేల మీది సాక్ష్యం. 1987-90 మధ్య కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందింది. మిగిలిన ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్‌ను లెక్కచేయని గుణం వాళ్ల ఒంట్లో 20 శాతం తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ ఫలితాలు అచ్చువేసింది. అర్థమేమిటి? గర్భిణి కంచంలో పెట్టిన తిండి ఆకలికీ మందే, రేపటి షుగర్‌కూ మందే. ఆకలినీ ఊబకాయాన్నీ వేరువేరు శాఖలకు, వేరువేరు సభలకు పంచిపెట్టేవాళ్లు ఈ ఒక్క ఫలితాన్ని చదివి ఆ పంపకం ఎలా సమర్థించుకుంటారు?

ఇక నోరు కట్టుకోవాలి అన్న నీతి బోధ సంగతి. నిగ్రహం మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ఒక తరంలోనే ప్రపంచమంతా ఒక్కసారిగా నిగ్రహం కోల్పోయిందా? మనుషుల స్వభావం మారలేదు, అంగడి మారింది. అయిదు రూపాయల చిప్స్ పొట్లం దొరకని ఊరు ఏది? అదే అయిదు రూపాయలకు ఏ పండు వస్తుంది? 2025 సెప్టెంబరులో జీఎస్‌టీ సవరించినప్పుడు బిస్కెట్లు, చాక్లెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. ప్రభుత్వమే వాటి ధర తగ్గించి, తిన్నవాడిని నిగ్రహం లేదని తిట్టడం ఏం న్యాయం? ప్యాకెట్ ముఖం మీద హెచ్చరిక వేయాలంటే, మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో నక్షత్రాల ముసాయిదా ఒకటి తెచ్చింది. హెచ్చరించవలసిన చోట నక్షత్రమిచ్చి మెచ్చుకోవడమేమిటని నిపుణులు మొత్తుకున్నారు. 2025లో సుప్రీంకోర్టు గడువు పెట్టి అడగవలసి వచ్చింది. చిలీ దేశం 2016లోనే ఉప్పు, పంచదార, కొవ్వు, కేలరీలు మితిమీరిన ప్రతి ప్యాకెట్ మీద నల్లటి అష్టభుజి ముద్ర వేయించింది, పిల్లలకు చూపే ప్రకటనల మీద ఆంక్ష పెట్టింది, బళ్లలో అమ్మకం ఆపింది. ఏడాదిన్నరలో తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. చిలీ ప్రజలకు ఏడాదిన్నరలో నిగ్రహం అబ్బిందా, లేక చట్టం అంగడిని దారిలో పెట్టిందా?

ఇక్కడ మరో వర్గాన్ని కూడా పలకరించాలి. వరిని తిట్టి చిరుధాన్యాలకు హారతి పట్టేవాళ్లు. కొర్రలు తింటే సర్వరోగాలూ పోతాయనీ, తాతలు సంకటి తిని నూరేళ్లు బతికారనీ ఉపన్యాసాలిస్తారు. తాతల కాలపు సగటు ఆయుష్షు ఎంతో వీళ్లెప్పుడైనా చూశారా? దక్కను మీద జొన్నే ప్రధాన ఆహారంగా బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే పోషకలోప వ్యాధి ఉండేదని హైదరాబాద్‌లోనే డాక్టర్ సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960 ప్రాంతంలో తేల్చి రాశారు. జొన్న దోషి కాదు. జొన్న తప్ప వేరే దిక్కులేని కంచం దోషి. గోదావరి డెల్టాలో బియ్యం చేసిన పనే దక్కనులో జొన్న చేసింది. ఏ ఒక్క గింజనైనా దేవుణ్ని చేస్తే ఫలితం అదే. జొన్న రొట్టెకు పప్పు, ఆకుకూర, కాస్త పెరుగు తోడైతే అది భోజనం. రెండొందల రూపాయలు పోసి కొన్న కొర్రల ప్యాకెట్ నగరవాసికి సంతృప్తి ఇవ్వవచ్చు, వికారాబాద్ కూలితల్లికి ఏమిస్తుంది?

మూడో మాటకు వద్దాం: ముందు కడుపు, తర్వాత పర్యావరణం. కడుపు నింపేది ఏది? నేల, నీరు. ఆ రెండింటినీ తర్వాత చూద్దామంటే తినేది ఎప్పుడు? కిలో బియ్యం పండడానికి సుమారు 2,500 లీటర్ల నీరు కావాలి. డెల్టాలో కాలువ నీళ్లతో పండే వరి వేరు. మెట్ట నేలలో వందల అడుగుల లోతు బోరు వేసి, యాసంగిలో ఉచిత కరెంటుతో తోడి పండించే వరి వేరు. బోరు ఎండితే మొదట అప్పులపాలయ్యేది ఎవరు? ఆకలికి దగ్గరగా ఉన్న ఆ చిన్న రైతే కదా! నీరు నిలిచిన మడిలో మీథేన్ పుడుతుంది, అది వాతావరణాన్ని వేడెక్కిస్తుంది, ఆ వేడి పంటను దెబ్బతీస్తుంది. దీన్ని పర్యావరణవాదుల సరదా అని కొట్టిపారేయడానికి ఎంత ధైర్యం కావాలి?

రైతు వరి ఎందుకు వేస్తాడు? వరి మీద మోజు కాదు. మద్దతు ధర ఇరవైకి పైగా పంటలకు ప్రకటిస్తారు. ఊరి కొనుగోలు కేంద్రంలో ఖాయంగా కాటా వేసేది ధాన్యానికే. కంది వేస్తే దళారి చెప్పిందే ధర. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంబరం చేసుకున్నాం. గుర్తింపు పత్రం రైతు చేతికి డబ్బు తెస్తుందా? ప్రపంచంలో పప్పులు ఎక్కువగా పండించేదీ మనమే, ఎక్కువగా తినేదీ మనమే, అయినా చాలక దిగుమతి చేసుకునేదీ మనమే. వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా పామాయిల్‌ది. కంది, పెసర, మినుము నేలలో నత్రజని నిలుపుతాయి, నీరు కొద్దిగా చాలు, పేదవాడికి మాంసకృత్తులిస్తాయి. నేలకు మంచిది, ఒంటికి మంచిది, ఖజానాకూ మంచిది. ఇంతకంటే స్పష్టంగా సుస్థిర అభివృద్ధిని ఎవరు నిర్వచించగలరు? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతులు 1990లలోనే ఈ పని చేసి చూపించారు. బీడు పడిన తమ చెలకలను సాగులోకి తెచ్చి, జొన్నలు, పప్పులు కలిపి పండించి, ఊళ్లోనే సేకరించి, ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు పంచుకున్నారు. అక్షరం రాని ఆ ఆడవాళ్లు సాధించినది ఐఏఎస్‌ల యంత్రాంగానికి సాధ్యం కాదా?

చివరికి మిగిలేది ఒకే ఆక్షేపణ: ఇదంతా బాగుంది, డబ్బెక్కడిది? వినడానికి గంభీరంగా ఉంటుంది, విచారిస్తే నిలవదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఆహార సబ్సిడీకే రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా పెట్టారు. 81 కోట్ల మందికి నెలకు అయిదు కిలోల ధాన్యం ఉచితంగా అందుతోంది. ఇది తీసేయమని ఎవరూ అనడం లేదు, అన్నవాడు పేదవాడికి శత్రువు. అడిగేది ఆ డబ్బు ఏ పంటను కొంటోంది అన్నది. అవసరానికి మించిన బియ్యం కొని, ఏళ్ల తరబడి గోదాములో పెట్టి, వడ్డీ కట్టి, చివరికి కిలో 22 రూపాయల 50 పైసలకు ఇథనాల్ ఫ్యాక్టరీకి ఇచ్చారు. ఆ నష్టాన్ని భరించగలిగిన ఖజానా కంది కొనలేదా? తమిళనాడు రేషన్ దుకాణంలో కిలో కందిపప్పు 30 రూపాయలకు ఏళ్లుగా ఇస్తోంది. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రాగులిస్తోంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల పథకం పెట్టి, గిరిజన జిల్లాల్లో రైతు దగ్గరే రాగులు కొని రేషన్‌లోకి తెచ్చింది. తెలంగాణ 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు పాలు, గుడ్డుతో ఒక పూట భోజనం పెడుతోంది. మార్గం తెలుసు, డబ్బు ఉంది, చేసి చూపిన రాష్ట్రాలున్నాయి. మరి వచ్చే సీజన్‌లో ఊరి కొనుగోలు కేంద్రం కాటా మీదికి వడ్ల బస్తాతో పాటు కంది బస్తా, పెసర బస్తా కూడా అదే భరోసాతో ఎక్కకుండా అడ్డుపడుతున్నది ఎవరు? పంట చాలడం లేదని చెప్పేవాళ్లు ముందు దానికి జవాబు చెప్పాలి.